అడగని మేలు

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్నారు మన పెద్దవాళ్ళు. ఆకలేస్తే నోరు తెరిచి చెప్పుకోవాలి, మొహమాటపడితే కడుపు నిండదు అని దాని అర్థం. చిన్నప్పటినుంచీ వింటున్న సామెతే. కానీ దానికి ఇంకో వైపు కూడా ఉందని నాకు నలభై దాటాకగానీ తోచలేదు. అడగనిదే పెట్టకపోవడం సరే. అడక్కుండా పెట్టేయడం మాటేమిటి? పెట్టేవాళ్ళు మాత్రం ఒక్క మాట అడగొద్దూ? "నీకేం కావాలి? ఎంత కావాలి? అసలు ఆకలిగా ఉందా?" అని.

"పెట్టేవాళ్ళే కరువైన ఈ రోజుల్లో ఇదేం ప్రశ్నండీ!" అంటారు కాబోలు. కాస్త ఆగండి. ముందు మా వంటిల్లు కథ వినండి.

మాది విజయనగరంలో పాతకాలపు పెంకుటిల్లు. వంటిల్లు చీకటిగా, పొగచూరి ఉండేది. మా అత్తగారు గ్యాసు పొయ్యిని కూడా నేలమీదే పెట్టుకుని, పీటమీద కూర్చుని వండేవారు. పక్కనే కత్తిపీట. చెయ్యి చాస్తే పోపుల డబ్బా. కుడివైపు బియ్యం డబ్బా, ఎడమవైపు నీళ్ళ బిందె. ఆవిడ కూర్చున్నచోటినుంచి లేవకుండానే పదిమందికి వంట అయిపోయేది. పనసపొట్టు కొట్టడానికి కూర్చుంటే చూడాలి! కత్తి ఆడుతూ ఉండేది, ఆవిడ ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూ ఉండేవారు, పొట్టు మాత్రం సన్నగా, ఒకే తీరుగా రాలుతూ ఉండేది. ఆవపెట్టిన ఆ కూర కోసం మా ఆడపడుచు కొడుకు శ్రీకాకుళం నుంచి ప్రత్యేకంగా బస్సెక్కి వచ్చేవాడు.

పధ్నాలుగేళ్ళ క్రితం ఇల్లు బాగుచేయించాం. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చోవడం, లేవడం కష్టమని అందరం జాలిపడ్డాం. గ్యాసు పొయ్యి నేలమీద ఉంటే ప్రమాదమని గ్యాసతను కూడా చెప్పాడు. ఇంకేం, గట్టు కట్టించి, పైన నల్లరాయి పరిపించి, గోడకు అలమరలు పెట్టించి, గోడలకు తెల్ల పలకలు అంటించాం. ఎంత ఖర్చయిందో ఇప్పుడు చెప్పను గానీ, ఆ ఏడు నేను పట్టుచీర కొనుక్కోలేదు. అంతా అయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాం. నాలుగువైపులా చూసి, "బాగుందమ్మా" అన్నారు. మేం పొంగిపోయాం.

ఆ తర్వాత ఆవిడ వంట మానేశారు. "నువ్వే చేసుకోవే అమ్మాయ్, నాకింక ఓపిక లేదు" అనేవారు. పోన్లే, ఇన్నాళ్ళు చేశారు, ఇకనైనా కూర్చుని తింటారు అనుకున్నాం. చుట్టాలొస్తే, "మా అత్తగారిని వంటింట్లో అడుగు పెట్టనివ్వడం లేదండీ" అని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని. ఆ మాటలో ఎంత నిజముందో నాకే తెలియదు.

ఇలా ఆరేళ్ళు గడిచాయి.

ఆ పనసపొట్టు కూర మేనల్లుడు పెద్దవాడై టౌన్ ప్లానింగు చదువులో చేరాడు. మా ఇంటిల్లిపాదికీ అదేం చదువో అర్థంకాలేదు. "ఇంజనీరా?" అంటే కాదన్నాడు. "ఇళ్ళు కడతావా?" అంటే, "కాదత్తా, ఇళ్ళు ఎక్కడ ఉండాలో, రోడ్డు ఎటు పోవాలో, మనుషులు ఎలా నడవాలో చూస్తాం" అన్నాడు. మనుషులు కాళ్ళతో నడుస్తారు, అందులో చూసేదేముందని నవ్వుకున్నాం. ఒకసారి దసరా సెలవులకు వచ్చినప్పుడు కాలేజీలో ఏదో పని ఇచ్చారట. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళు పొద్దుటినుంచి రాత్రిదాకా ఎక్కడెక్కడ తిరుగుతారో కాగితంమీద గీసి తీసుకురావాలట. వాడు ఇంటి పటం గీసుకుని, పెన్సిలు పట్టుకుని రోజంతా వాళ్ళ అమ్మమ్మ వెనకాలే తిరిగాడు. ఆవిడ నవ్వుతూ, "ఏమిటిరా, నాకు కాపలానా?" అంటూనే ఉన్నారు.

రాత్రి ఆ కాగితం నాకు చూపించాడు. మంచందగ్గరినుంచి పెరట్లోకి, పెరట్లోంచి తులసికోట దగ్గరికి, అక్కడినుంచి వీధి అరుగుమీదికి... గీతలమీద గీతలు, సాలెగూడులా ఉంది. ఒక్కచోట మాత్రం కాగితం తెల్లగా ఉంది. అది వంటిల్లు. ఒక్క గీత కూడా ఆ గడప దాటలేదు.

"అమ్మమ్మా, నువ్వు వంటింట్లోకి వెళ్ళవేం?" అని వాడు అడిగాడు. అంతే. ఎవరూ అడగని ప్రశ్న. ఆవిడ కాసేపు ఊరుకుని, "నేను పొట్టిదాన్ని కదరా. ఆ గట్టు నా రొమ్ముదాకా వస్తుంది. నూనె చిటపటలాడితే మొహాన పడుతుంది. అలమర అందదు. కూర్చుంటే ఎంతసేపైనా కూర్చోగలను గానీ నిలబడితే కాళ్ళు పీకుతాయి. ఎందుకులే, వాళ్ళు ముచ్చటపడి కట్టించుకున్నారు" అన్నారు. తర్వాత నావైపు చూడకుండానే అన్నారు, "నా ఇంట్లో నేను చుట్టాన్నయిపోయాను."

నేను నవలలు వ్రాసేదాన్ని. మనుషుల మనసులు చదువుతానని పాఠకులు ఉత్తరాలు వ్రాస్తుంటారు. ఆ రాత్రి ఆ ఉత్తరాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు చెప్పండి. మేం చేసింది మేలా, కీడా? మా ఉద్దేశంలో లోపం లేదు. ఖర్చుకు వెనుదీయలేదు. మేం ఆలోచించిన కారణాలూ అబద్ధాలు కావు, మోకాళ్ళ నొప్పులు నిజం, గ్యాసు ప్రమాదమూ నిజం. లోపమల్లా ఒక్కటే. ఆవిడ గురించి అందరం మాట్లాడుకున్నాం గానీ, ఆవిడతో ఎవరం మాట్లాడలేదు.

ఇంట్లో జరిగినదే ఊళ్ళోనూ జరుగుతుందని మా మేనల్లుడు ఉద్యోగంలో చేరాక నాకు తెలిసింది. వంటిల్లయితే ఒక ముసలావిడ నొచ్చుకుని ఊరుకుంటుంది. ఊరి పటంమీద గీత గీస్తే, ఆ గీత కింద ఒకరి ఇల్లు ఉంటుంది, ఇంకొకరి బడ్డీ ఉంటుంది, ఒక వేపచెట్టూ దాని నీడలో కూర్చునే పదిమంది ముసలివాళ్ళూ ఉంటారు. పటంమీద వాళ్ళెవరూ కనిపించరు. నవలలో నేనూ గీతలు గీస్తాను. ఒకమ్మాయిని అమెరికా పంపించేస్తాను, ఒకాయన్ని మూడో ప్రకరణంలో చంపేస్తాను. వాళ్ళు కాగితం మనుషులు, నోరెత్తి ఎందుకని అడగరు. అతని కాగితంమీద ఉన్నది మాత్రం నిజం మనుషులు.

ఆ మాటే వాడితో అంటే, "ఈ సంగతి మాకు నూరేళ్ళ క్రితమే ఒకాయన చెప్పాడత్తా" అని పాట్రిక్ గెడ్డెస్ గురించి చెప్పాడు. బి.ఏ.లో చరిత్ర చదివిన నాకు ఆ పేరే తెలియదు. యుద్ధాల తేదీలు కంఠతా పట్టాం గానీ ఊళ్ళు బాగుచేసినవాళ్ళ సంగతి మాకెవరు చెప్పారు గనుక!

ఆయనది స్కాట్లండు. చదివింది వృక్షశాస్త్రం, జీవశాస్త్రం. 1886లో అన్నా మోర్టన్ అనే ఆవిడను పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడు ఆ దంపతులు మంచిపేటలో కాపురం పెట్టకుండా ఎడింబరో పాత ఊళ్ళో, మురికివాడగా మారిపోయిన జేమ్స్ కోర్ట్ అనేచోట చేరారు. ఇరుగుపొరుగువాళ్ళతో కలిసి గోడలకు సున్నాలు వేయడం, చెత్త ఎత్తడం, మొక్కలు నాటడం మొదలుపెట్టారు. బాగుచేయాలనుకున్న వీధిలోనే కాపురముండటం గొప్ప సంగతి కాదూ? కొత్తగా పెళ్ళయిన పిల్ల ఆ వాసనల మధ్య కాపురానికి ఒప్పుకోవడం ఇంకా గొప్ప అని నాకనిపించింది. ఆవిడని అడిగే తీసుకెళ్ళి ఉంటాడు, లేకపోతే అన్నేళ్ళు ఆ పని కలిసి చెయ్యరు.

1914లో మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు పిలిస్తే ఆయన మన దేశం వచ్చాడు. అప్పుడు మన ఉత్తరాంధ్ర కూడా మద్రాసు రాజధానిలోదే కదా. విజయనగరం విశాఖపట్టణం జిల్లాలో, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. ఆయన ఏళ్ళ తరబడి పోగుచేసిన పటాలూ, బొమ్మలూ వెనకాల ఓడలో వస్తుంటే జర్మనుల ఎమ్డెన్ ఆ ఓడను ముంచేసింది. మద్రాసుమీద గుండ్లు వేసి మన తాతలను హడలగొట్టిన ఎమ్డెనే. సర్వం పోయినా ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. స్నేహితులు మళ్ళీ పటాలు పోగుచేసి పంపితే 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టి, ఆ తర్వాత తంజావూరు, మధుర, బళ్ళారి లాంటి ఊళ్ళన్నీ కాలినడకన తిరిగాడు.

అప్పటి ఇంజనీర్ల పద్ధతి సులువైనది. సందులు ఇరుకుగా ఉన్నాయా? పటంమీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీయడం, అడ్డొచ్చిన ఇళ్ళు కూల్చడం. గెడ్డెస్ ఒప్పుకోలేదు. ఒంట్లో పుండుంటే మందు వేస్తామా, కాలు తీసేస్తామా? పాడుబడ్డ ఇంటిని ఒకటి తీసి ఆ జాగాలో చెట్టు నాటండి, ఇక్కడ అరుగు కాస్త తగ్గించండి, అక్కడ గోడ కొంచెం జరపండి, సందులోకి గాలి వస్తుంది, ఎవరికీ కొంప పోదు, ఖర్చూ తక్కువ అన్నాడు. దీనికి ఆయన పెట్టిన పేరు పొదుపైన శస్త్రచికిత్స అనే అర్థంలో ఉంటుంది. దోమలు పెరుగుతున్నాయని చెరువులు పూడ్చబోతే వద్దన్నాడు, చేపల్నీ బాతుల్నీ వదలండి, పురుగుల్ని అవే తింటాయి అన్నాడు. ఆ ముక్క విన్నప్పుడు మా పెద్దచెరువూ, అయ్యకోనేరూ కళ్ళముందు మెదిలాయి. ఇంటిముందు తులసికోటను చూసి కూడా, ఇల్లాలి శుభ్రతలో, ఆ మొక్కకు పోసే నీళ్ళలో ఊరి బాగు ఉందని గ్రహించి వ్రాశాడట. ఏ ఇంజనీరు రిపోర్టులో తులసికోట ఉంటుంది చెప్పండి!

ఇందూరు కథయితే మరీ ముచ్చటగా ఉంటుంది. ఆ ఊరికి ప్లేగు. జనం కొత్త దొరను చూసి, ఇళ్ళు కూల్చడానికొచ్చాడని భయపడుతున్నారు. ఈయన మహారాజును ఒక్కరోజు రాజరికం అడిగి పుచ్చుకున్నాడు. దీపావళికి ఊరేగింపు ఎప్పుడూ వెళ్ళే దారిన వెళ్ళదనీ, ఏ వీధివాళ్ళు ఇళ్ళూ వాకిళ్ళూ బాగా శుభ్రం చేసుకుంటే ఆ వీధిన వెళుతుందనీ చాటింపు వేయించాడు. ఇంక చూస్కోండి! ఊరంతా చీపుళ్ళు పట్టుకుంది. బళ్ళకొద్దీ చెత్త పోయింది. ఊరేగింపులో ప్లేగు ఎలుక బొమ్మను తిప్పారు, ఊడ్చేవాళ్ళకు తెల్లబట్టలు, పూలదండలు వేసి నడిపించారు.

మా ఊరివాళ్ళకు ఈ కిటుకు విడమరిచి చెప్పక్కర్లేదు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడినుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది కదా. ఆ వారం రోజులూ ఆ దారిలో ఒక్క చిత్తుకాగితం ఉండనిస్తారా? అన్నట్టు ఆ మాను సంగతి చూడండి. అమ్మవారు పూజారి కలలో కనిపించి ఫలానాచోట చింతచెట్టు ఉందని చెబుతుందట. చెప్పింది సాక్షాత్తూ అమ్మవారే అయినా, వెళ్ళి నేరుగా గొడ్డలి వెయ్యరు. చెట్టుగలవారికి చెప్పి, చెట్టుకు పూజచేసి, అప్పుడు కొడతారు. దేవతే ఆ మర్యాద పాటిస్తుంటే మనుషులకేం వచ్చింది?

ఇక్కడితో ఆపేస్తే ఇది గొప్పవాడి జీవితచరిత్ర అయి ఊరుకునేది. కానీ ఆ మహానుభావుడి కథలో ఒకచోట నాకు ముద్ద దిగలేదు.

1917లో ఆయన పెద్దకొడుకు అలాస్డెయిర్ ఫ్రాన్సు యుద్ధభూమిలో చనిపోయాడు. తంతి వచ్చేసరికి ఇక్కడ అన్నా జ్వరంతో మంచంపట్టి ఉంది. ఆయన ఆ కబురు ఆమెకు చెప్పలేదు. కొడుకు లేడన్న సంగతి తెలియకుండానే కొన్ని వారాలకు ఆమె కలకత్తాలో కన్నుమూసింది.

ముక్కూ మొహం తెలియని తంజావూరు సందులో మనిషిని అడగకుండా గోడ జరపనన్నవాడు, ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసిన భార్యకు కొడుకు చావు తెలియాలో వద్దో తానే తేల్చుకున్నాడు. తప్పంటారా? నేననలేను. మన ఇళ్ళల్లో ఇలాంటివి జరగడం లేదూ? గుండెజబ్బు పెద్దాయనకు తమ్ముడు పోయాడని ఏడాదిదాకా చెప్పకపోవడం, ఒంట్లో ఉన్నది కాన్సరని రోగికి తప్ప వీధివాళ్ళందరికీ తెలియడం చూస్తూనే ఉన్నాం. తట్టుకోలేరని మనమే అనుకుంటాం. అన్నా తట్టుకునేదో లేదో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. కన్నకొడుక్కోసం ఒక్క కన్నీటిచుక్క రాల్చే హక్కు ఆ తల్లికి లేకుండా పోయిందన్నది మాత్రం నిజం. ఇటు చూస్తే, చావుబతుకుల్లో ఉన్న మనిషి చెవిలో ఆ మాట వెయ్యడానికి ఏ భర్తకు నోరొస్తుంది?

చాలా రోజులు ఆలోచించాక నాకొకటి అర్థమయింది. మనల్ని అడగకుండా మనకోసం నిర్ణయాలు చేసేది శత్రువులు కాదు. శత్రువుకు మనమీద అంత శ్రద్ధ ఎక్కడిది? ప్రేమించేవాళ్ళే అడగరు. ప్రేమకు ఒక ధీమా ఉంటుంది, నీ సంగతి నాకు తెలియదా అని. మా అత్తగారికి గట్టు కట్టించిందీ ఆ ధీమాయే. పేదవాళ్ళంటే పట్టని ఆఫీసరు బద్ధకంకొద్దీ అడగడు. పట్టింపు ఉన్న ఆఫీసరు ప్రేమకొద్దీ అడగడు. ఇద్దరి గీతా ఆ ఇంటిమీదనుంచే పోతుంది.

అయితే, అడిగితే సరిపోతుందా? ఈ ప్రశ్న మా పనిమనిషి వేసింది. ఆమెది ఊరి చివర పేట. కొన్నేళ్ళ క్రితం అక్కడ కుళాయి వేశారు. వేసే ముందు సభ పెట్టి అందర్నీ అడిగారని విని, ఈ కాలంలో కాస్త జ్ఞానం వచ్చిందని నేను సంతోషించాను. ఆమె చీపురు పక్కనపెట్టి అంది:

"అడిగినారమ్మా. ఎవుల్నడిగినారు? మా మొగోల్లనడిగినారు. ఆల్లేటి సెప్పినారు? మందుసాపు పక్కనెట్టమన్నారు. ఆల్లకి దగ్గిర. మరి సీకటడ్డాక బిందట్టుకుని మా గుంటలు ఆడికెలా ఎల్తారమ్మా? నీల్లు మోసేదెవులు? మేం గదా."

నా దగ్గర జవాబు లేదు. సభలో ముందు కుర్చీలెవరివి, ముందు గొంతెవరిది అన్నది చూడకుండా అడగడం అడగకపోవడంతో సమానమే. ఇంకో చిక్కుంది. ఒక వీధివాళ్ళంతా ఏకగ్రీవంగా, మా పక్కన ఆ పేటవాళ్ళ ఇళ్ళు వద్దంటారు. మరుగుదొడ్డి మా వైపు వద్దు, వాళ్ళ వైపు కట్టమంటారు. పదిమంది అన్నారు కనుక అది న్యాయమయిపోతుందా? అందుకని అడగడమంటే చేతులెత్తించి లెక్కపెట్టడం కాదు. ఆ పని బరువు ఎవరి నెత్తిన పడుతుందో ముందు వాళ్ళని అడగాలి. ఇందూరు ఊరేగింపులో పూలదండలు ఎవరికి వేశారో అప్పుడు నాకు అర్థమయింది.

ఇది కొత్త సంగతేం కాదు. 1967లోనే హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సమాజాభివృద్ధి పథకమని ఒకటి మొదలుపెట్టింది. బస్తీలలోకి వెళ్ళి మీకేం కావాలని అడగడం, బాలవాడి అంటే బాలవాడి, కుట్టుమిషను తరగతి అంటే కుట్టుమిషను తరగతి వాళ్ళ సాయంతోనే నడపడం. తర్వాత యూనిసెఫ్ చెయ్యి కలిపింది. స్థలాలకు పట్టాలిచ్చి, అప్పు ఇప్పించి, ఎవరి ఇల్లు వారే కట్టుకునేలా చేశారు. దానిమీద విలియం కజిన్స్, కాథరిన్ గోయ్డర్ 1979లో ఒక పుస్తకమే వేశారు. 1988 నుంచి విశాఖపట్నంలోనూ బ్రిటను సాయంతో మురికివాడల అభివృద్ధి పని ఆ తోవలోనే సాగింది. 1993లో అమలైన రాజ్యాంగ సవరణతో మునిసిపాలిటీలలో మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళవయ్యాయి, మన రాష్ట్రంలో తర్వాత సగమయ్యాయి. కుర్చీ వచ్చింది. ఆ కుర్చీలో ఉన్నావిడ నోట మాట ఆవిడదా, వెనకాల నిలబడ్డాయనదా అన్నది మీకే తెలుసు.

మా మేనల్లుడి మొదటి ఉద్యోగంలో, ఏ ఊరో చెప్పను, ఒక ఆఫీసుకు వాలుదారి కట్టించమన్నారట. వికలాంగుల హక్కులమీద 2016లో వచ్చిన చట్టం ప్రకారం కట్టి తీరాలి. వీడు వెళ్ళేసరికే ఒకటి కట్టేసి ఉంది. "అత్తా, ఒక అడుగు ఎత్తెక్కాలంటే పన్నెండడుగుల పొడవున వాలు ఉండాలి. అక్కడ నాలుగడుగులు కూడా లేదు. అది చక్రాల కుర్చీకి దారి కాదు, జారుడుబల్ల" అన్నాడు. దానికీ అడ్డంగా మోటారుసైకిళ్ళు. చట్టం నిండింది, ఫొటో తీశారు, ఫైలు మూశారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఒక్కసారి ఎక్కి చూడమని ఉంటే చాలు, తెలిసేది. వీడు పై ఆఫీసరుతో వాదించి, మాటపడి, చివరికి దాన్ని మళ్ళీ కట్టించాడు. "అప్పుడు ఎవరు ముందు వాడారో తెలుసా? కాళ్ళ నొప్పుల ముసలమ్మలూ, చంటిపిల్లల తల్లులూ" అని నవ్వాడు. నాకు వాళ్ళ అమ్మమ్మ గుర్తొచ్చింది. వాడికీ గుర్తొచ్చే ఉంటుంది, ఇద్దరం పైకి అనుకోలేదు.

అసలు అడిగేవాళ్ళే రాని చోట్లున్నాయి. మన కొండల్లో రోడ్డులేక గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చిన కబుర్లు ఎన్నిసార్లు చదవలేదు? దారిలోనే ప్రసవించినవాళ్ళున్నారు. కొన్నేళ్ళ క్రితం సాలూరులో గర్భిణులకోసం వసతిగృహం తెరిచారు. నెలలు నిండేముందే కిందికి వచ్చి, ఆసుపత్రి దగ్గర ఉండవచ్చునని. కొండకు రోడ్డు వేయడానికి ఏళ్ళు పడుతుంది, బిడ్డ ఆగదు కదా. తల్లి అవసరంవైపునుంచి ఆలోచించిన పని అది. అదే సాలూరు మండలంలో కొదమ పంచాయతీ గిరిజనులు 2020లో ఇంటింటా చందాలు వేసుకుని ఒడిశావైపు కొండదారిని తామే తొలిచి వేసుకున్నారు. ఏ పట్టా లేని ప్లానర్లు! రోడ్డు ఎటు పోవాలో వాళ్ళకు పటం అక్కర్లేదు, డోలీ మోసిన భుజానికి తెలుసు. అది వాళ్ళ గొప్పే గానీ మన గొప్ప కాదు. వాళ్ళంతట వాళ్ళు చేసుకున్నారు కదా అని మనం చప్పట్లు కొట్టి ఊరుకుంటే అదీ అన్యాయమే.

మొన్న సిరిమానుకు వచ్చినప్పుడు వాణ్ణి అడిగాను, "ఒరేయ్, ఇన్నేళ్ళలో నీ చదువులో నువ్వు నేర్చుకున్నదేమిట్రా?" అని. ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నాను. "గీసే ముందు వెళ్ళి కూర్చోవడం. అడిగాక వెంటనే లేచి రాకపోవడం. మొదట చెప్పేది మొహమాటానికి చెబుతారత్తా. రెండోసారి వెళితేగానీ అసలు మాట రాదు" అన్నాడు. "బాగుందమ్మా" అన్న మా అత్తగారి మాట నా చెవిలో మోగింది. ఆ మొదటి మాట పట్టుకునే కదా మేం ఆరేళ్ళు పొంగిపోయింది!

ఆ రాత్రి తర్వాత ఏం చేశామని అడుగుతారేమో. పెరటి వసారాలో మోకాలెత్తు గట్టు ఒకటి కట్టించాం, ఎంత ఎత్తో ఆవిడను కూర్చోబెట్టి సుద్దముక్కతో గీయించుకుని. ఆవిడ ఇంకో రెండేళ్ళున్నారు. ఆ రెండేళ్ళూ ఆ గట్టుదగ్గర పొయ్యి వెలిగింది, పనసపొట్టు రాలింది. పోయిన ఆరేళ్ళనూ మాత్రం ఎవరం తిరిగి ఇవ్వలేకపోయాం. ఒకనాడు ఆ మాటే అని కళ్ళు తుడుచుకుంటే, "అడిగావుగా, చాల్లే. ఆ కరివేపాకు ఇలా అందుకో" అన్నారు.

ఇప్పుడు ఆ గట్టుదగ్గర కూరలు తరగడానికి నేను కూర్చుంటున్నాను. నావీ మోకాళ్ళే కదా. మా అమ్మాయి సెలవులకు వచ్చి, ఫోనులో ఏవో తళతళలాడే వంటిళ్ళ బొమ్మలు చూపిస్తూ, "అమ్మా, ఈ పాత గట్టు కొట్టించేసి ఇలాంటిది పెట్టిస్తాను, నీకు సుఖంగా ఉంటుంది" అంది. ప్రేమగానే అంది సుమండీ. నాకు నవ్వొచ్చింది. కత్తిపీట పక్కకు జరిపి, "ముందు ఇలా వచ్చి కూర్చోవే" అన్నాను.